ఉక్కు ఊళ్లో గుండె నేర్పిన పాఠాలు

మా నాన్న శ్రీకాకుళం జిల్లా నుంచి భిలాయి వచ్చేసరికి ఇక్కడ ప్లాంటు ఇంకా కడుతున్నారు. సోవియట్ యూనియన్‌తో ఒప్పందం 1955లో కుదిరింది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ మొదటి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. ఆ పునాదుల్లో మట్టి మోసినవాళ్లలో మన ఉత్తరాంధ్ర మనుషులు ఎందరో ఉన్నారు. వాళ్ల పిల్లలం ఇక్కడే చదువుకున్నాం, ఇక్కడే నౌకరీలు చేశాం. నేను నర్సునయ్యాను. ఎక్కువ కాలం గుండె జబ్బుల వార్డులోనే పనిచేసి రిటైరయ్యాను. డాక్టర్లు చర్చించుకుంటుంటే విని, వాళ్లు చెప్పిన పరిశోధనలను తర్వాత అడిగి చదివి, మంచాల పక్కన నిలబడి చూసినదానితో సరిపోల్చుకుంటూ వచ్చాను. గుండె గురించి వైద్యానికి తెలిసింది చాలా ఉంది. అది మన ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోవడమే నన్ను బాధపెడుతుంది. ఇవి అందుకే రాస్తున్నాను.

1. నొప్పి మొదలవగానే గడియారం చూడండి.

మన దేశంలో 89 ఆసుపత్రుల్లో 20 వేల మందికి పైగా గుండె రోగుల వివరాలు సేకరించి, బెంగళూరు సెయింట్ జాన్స్ వైద్య కళాశాల డాక్టరు డెనిస్ జేవియర్, ఆయన సహచరులు 2008లో లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. నొప్పి మొదలైనప్పటి నుంచి ఆసుపత్రికి చేరడానికి పట్టిన సమయం చూస్తే, సగం మందికి 360 నిమిషాలు దాటింది. అంటే ఆరు గంటలు. ఆసుపత్రిలో అడుగుపెట్టాక గడ్డ కరిగించే మందు ఎక్కడానికి పట్టింది మాత్రం 50 నిమిషాలే. ఆలస్యం ఎక్కడ జరుగుతోందో ఈ రెండు అంకెలు చూస్తే చాలు.

భిలాయిలో ఏ సెక్టర్ క్వార్టర్ నుంచైనా సెక్టర్-9 ఆసుపత్రి కొద్ది కిలోమీటర్ల దూరమే. అయినా నేను చూసిన వాళ్లలో చాలామంది తెల్లారేదాకా ఇంట్లోనే కూర్చున్నవాళ్లు. "ఏటీ లేదమ్మా, గ్యాస్ పట్టేసింది" అని సోడా తాగుతారు, వాము నములుతారు, వీపు రుద్దించుకుంటారు. పెద్దాయన సెకండ్ షిఫ్ట్ నుంచి రానీ అంటారు, కొడుక్కి ఫోన్ చేసి అడుగుదాం అంటారు. అదే పరిశోధనలో ఇంకో మాట ఉంది: ఖరీదైన చికిత్సలు పేదవాళ్లకు తక్కువగా అందాయి, నెల తిరిగేలోపు చనిపోయినవాళ్లూ వాళ్లలోనే ఎక్కువ. ఖుర్సీపార్‌లో, క్యాంప్ బస్తీల్లో కాంట్రాక్టు కూలీలుగా పనిచేసే మనవాళ్లకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

2. గడ్డ కడుతుంది, దాన్ని కరిగించవచ్చు.

ప్లాంటులో పనిచేసిన మనిషికి గుండెపోటు అంటే పైపు పూడుకుపోవడం అనిపిస్తుంది. ఏళ్ల తరబడి మెల్లగా మూసుకుపోయి ఒకరోజు ఆగిపోతుందని. అసలు జరిగేది వేరు. రక్తనాళం గోడలోపల కొవ్వు పేరుకుని, దానిమీద పలచటి పొర ఉంటుంది. ఆ పొర చిట్లితే రక్తం అక్కడ గడ్డకట్టి నిమిషాల్లో నాళాన్ని మూసేస్తుంది. అంతకుముందు సగం కూడా మూసుకోని చోట సైతం ఇలా జరగవచ్చు. మొన్ననే ట్రెడ్‌మిల్ పరీక్ష బాగానే వచ్చినవాడికి ఇవాళ గుండెపోటు రావడానికి కారణం ఇదే. "టీఎంటీ పాసయ్యాను" అని ధీమాగా తిరిగేవాళ్లకు ఈ సంగతి నేను ప్రతిసారీ చెబుతాను.

గడ్డ వల్ల గుండెపోటు వస్తుందా, గుండెపోటు వచ్చాక గడ్డ కడుతుందా అని డాక్టర్లు చాలాకాలం వాదించుకున్నారు. 1980లో అమెరికాలో డివుడ్ అనే వైద్యుడి బృందం నొప్పి మొదలైన తొలి గంటల్లోనే యాంజియోగ్రామ్ తీసింది. నాలుగు గంటల్లోపు వచ్చినవాళ్లలో 87 శాతం మందికి నాళం పూర్తిగా మూసుకుని ఉంది. వాదన తీరింది. 1988లో ఐసిస్-2 అనే పెద్ద పరిశోధన 17,187 మంది మీద జరిగింది. ఆస్పిరిన్ ఒక్కటే మరణాలను 23 శాతం, గడ్డ కరిగించే మందు స్ట్రెప్టోకైనేజ్ ఒక్కటే 25 శాతం, రెండూ కలిస్తే 42 శాతం తగ్గించాయి. చవకగా దొరికే ఆ తెల్లటి ఆస్పిరిన్ మాత్రకు ఇంత శక్తి ఉంది. అలర్జీ, కడుపులో రక్తస్రావం వంటి ఇబ్బంది లేనివాళ్లు, డాక్టరు వద్దనని వాళ్లు, గుండెపోటని అనుమానం రాగానే ఆస్పిరిన్ నమిలి మింగి బయలుదేరాలి. మింగి ఇంట్లో పడుకోవడం కాదు.

3. మొదటి ఈసీజీ బాగుందని ఇంటికి వచ్చేయకండి.

గుండె కండరం దెబ్బతింటే దానిలోని పదార్థాలు రక్తంలోకి వస్తాయి. ఇప్పుడు చూసేది ట్రోపోనిన్. అది రక్తంలో కనిపించడానికి కొన్ని గంటలు పట్టవచ్చు కాబట్టి పరీక్ష రెండోసారి చేస్తారు, ఈసీజీ కూడా మళ్లీ తీస్తారు. "మళ్లీ మళ్లీ సూదులేమిటి, డబ్బుల కోసమా" అని అటెండెంట్లు గొడవపడటం చాలాసార్లు చూశాను. రెండో పరీక్షలోనే జబ్బు బయటపడిన వాళ్లనూ అంతే చూశాను.

ట్రోపోనిన్ రాకముందు మా వార్డులో సీపీకే-ఎంబీ అనే పరీక్ష నడిచేది. దాని వెనుక మన తెలుగాయన శ్రమ ఉంది. 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు, హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి 1927లో కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ ఉందని కనిపెట్టారు. కండరానికి అప్పటికప్పుడు శక్తిని అందించే పదార్థం అది. దాన్ని నడిపించే ఎంజైమే క్రియాటిన్ కైనేజ్. గుండె కండరం చచ్చినప్పుడు ఆ ఎంజైమ్ రక్తంలోకి కారుతుంది, ఆ పరీక్షలో కొలిచేది దాన్నే. ఆయన 1948లో, 53 ఏళ్లకే, గుండెపోటుతో పోయారు. 52 దేశాల్లో జరిగిన ఇంటర్‌హార్ట్ పరిశోధన తర్వాత తేల్చిన సంగతి ఏమిటంటే, దక్షిణాసియా వాళ్లకు తొలి గుండెపోటు వచ్చే సగటు వయసు 53. మిగతా దేశాలవాళ్లకు అది దాదాపు 59. ఉద్యోగంలో ఉండగానే, పిల్ల పెళ్లి కాకముందే మనకు వస్తుందన్నమాట.

4. ఆడవాళ్ల నొప్పిని నమ్మండి.

ఆడవాళ్లకు, షుగరున్నవాళ్లకు ఛాతీలో నొప్పి రాకుండానే గుండెపోటు రావచ్చు. ఆయాసం, వాంతి, చల్లటి చెమట, దవడలో లాగడం, చెప్పలేనంత నీరసం వస్తే, పదిమందికి వండి వడ్డించి అలసిపోయిందిలే అనుకోకండి.

5. గుడాకు కూడా పొగాకే.

ఇక్కడి ఆడవాళ్లు పొద్దున్నే గుడాకుతో పళ్లు తోముతారు. పొగాకు, బెల్లపు మడ్డి కలిపిన ముద్ద అది. మన శ్రీకాకుళం అవ్వలు అడ్డచుట్ట కాల్చేవారు, నిప్పు నోట్లో పెట్టుకుని. ఇద్దరూ "మేం సిగరెట్లు కాల్చం" అనే చెప్పేవారు. ఇంటర్‌హార్ట్ బృందం 2006లో రాసింది: నమిలే పొగాకు గుండెపోటు ముప్పును రెండింతలకు మించి పెంచుతుంది, పొగ తాగడం దాదాపు మూడింతలు చేస్తుంది, బీడీ సిగరెట్‌కు ఏమీ తీసిపోదు.

6. వేడి, రాత్రి డ్యూటీ, గ్యాస్: మూడూ గుండె మీదే పడతాయి.

ఫర్నేస్ ముందు నిలబడిన మనిషి ఒంట్లో రక్తం చల్లబడటానికి చర్మం వైపు మళ్లుతుంది. గుండె వేగం పెంచుతుంది. చెమటతో నీరు, ఉప్పు పోతాయి. మే నెలలో బయట కూడా మంటే. మూత్రం ఎక్కువగా పోయేలా చేసే నీళ్లమాత్ర వాడే బీపీ రోగి ఆ రోజుల్లో డాక్టరును అడిగి మోతాదు చూసుకోవాలి.

రాత్రి డ్యూటీ గురించి స్వీడన్‌లో ఒక కాగితం మిల్లు కార్మికులను 15 ఏళ్లు గమనించి 1986లో రాశారు. 2012లో 20 లక్షల మందికి పైగా వివరాలను కలిపి చూస్తే, షిఫ్టుల్లో పనిచేసేవాళ్లలో గుండెపోట్లు 23 శాతం ఎక్కువ. షిఫ్టు మానమని ఎవరూ చెప్పలేరు. అయితే సీ షిఫ్టు చేసి వచ్చిన మనిషిని పగలు పడుకోనివ్వండి. ఆ నిద్ర చెడగొట్టి సుపేలా బజారుకు పంపకండి. తిండి వేళ తప్పినా బీపీ మాత్ర వేళ తప్పనివ్వకండి.

బ్లాస్ట్ ఫర్నేస్ గ్యాస్‌లో అయిదో వంతుకు అటూ ఇటూగా కార్బన్ మోనాక్సైడ్ ఉంటుంది. రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్ దాన్ని ఆక్సిజన్ కన్నా 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. 2014 జూన్‌లో ఇక్కడి ప్లాంటులో అది ఆరుగురి ప్రాణాలు తీసింది, ఊరంతా ఏడ్చింది. మోతాదు కొంచెమైనా గుండె జబ్బున్నవాళ్లను వదలదు. 1989లో అమెరికాలో 63 మంది గుండె రోగులకు కొద్దిపాటి మోనాక్సైడ్ ఇచ్చి నడిపిస్తే ఛాతీనొప్పి ముందే వచ్చేసింది. బీడీ పొగలో ఉన్నదీ అదే వాయువు. డ్యూటీలోనూ, డ్యూటీ దిగాక టీ కొట్టు దగ్గరా, రెండుచోట్లా పీలుస్తున్న గుండె ఎంతకాలం తట్టుకుంటుంది?

7. మీ పాత ఫైలు పారేయకండి.

ఈ పాఠం నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఫైలు విలువేమిటో ఒక ఊరు చూపించింది. బోస్టన్ దగ్గర ఫ్రామింగ్‌హామ్ అనే ఊరుంది. 1948లో మొదలైన పరిశోధనలో ఆ ఊరి మనుషులు 5,209 మంది, 30 నుంచి 62 ఏళ్లవాళ్లు, రోగం లేకపోయినా పరీక్షలకు ఒప్పుకున్నారు. కొన్నేళ్లకోసారి వచ్చి బీపీ చూపించుకున్నారు, రక్తం ఇచ్చారు. వయసుతోపాటు బీపీ పెరగడం మామూలేనని అప్పటి డాక్టర్లే నమ్మేవారు. కాదని ఆ ఊరి ఫైళ్లు చెప్పాయి. బీపీ, కొలెస్ట్రాల్, సిగరెట్ గుండెను తింటాయని ప్రపంచానికి ఆ మామూలు మనుషులే నేర్పారు.

మన గోదావరి జిల్లాల వాళ్లూ అలా నేర్పారు. ఉభయగోదావరుల్లో 45 పల్లెల్లో, 1,80,162 మంది జనాభాలో, ఒక ఏడాదిలో జరిగిన 1,354 మరణాల గురించి ఆరోగ్య కార్యకర్తలు ఇంటింటికీ వెళ్లి అడిగారు: ఎలా పోయారు, ముందు ఏం బాధ చెప్పారు అని. 2006లో ఫలితం వచ్చింది. 32 శాతం మరణాలు గుండె, రక్తనాళాల జబ్బులవే. గుండెజబ్బు పట్నంలో డబ్బున్నవాళ్లదన్న మాట అక్కడితో చెల్లిపోయింది. ఏడుస్తూనే జవాబు చెప్పిన ఆ ఇళ్లవాళ్లకు నేను దండం పెడతాను.

పరిశ్రమల్లో పనిచేసేవాళ్ల సంగతి తేల్చినవారిలో ముందువరసలో ఉన్నది ఉస్మానియా వైద్య కళాశాలలో చదువుకున్న డాక్టర్ కె. శ్రీనాథ్ రెడ్డిగారు. దేశంలో పది పరిశ్రమల కార్మికులను, వాళ్ల కుటుంబాలను, దాదాపు 20 వేల మందిని పరీక్షించారు. పొగాకు, బీపీ రెండూ చదువు తక్కువున్న మగవాళ్లలోనే ఎక్కువని 2007లో ప్రచురించారు. కొన్ని పరిశ్రమల్లో నాలుగేళ్లపాటు తిండి, పొగాకు, బీపీ గురించి చెప్పి, వైద్యం అందిస్తే ఆ ముప్పులు తగ్గాయని 2009లో ఆ బృందమే చూపించింది. చెబితే మారతారు. అందుకే చెబుతూనే ఉన్నాను.

మన ప్లాంటులో ఎప్పటికప్పుడు వైద్య పరీక్షలు ఉంటాయి. ఎత్తు మీద పనికి అన్‌ఫిట్ అంటారేమోనని బీపీ దాచేవాళ్లు, ముందురోజు ఎవరి మాత్రో అడిగి వేసుకుని వెళ్లేవాళ్లు ఉంటారు. ఆ ఒక్కరోజు అంకె డాక్టరును మోసం చేస్తుంది, మిగతా రోజులు మిమ్మల్ని. రిటైరయ్యాక కాగితాలన్నీ పాత పేపర్లవాడికి వేసేవాళ్లూ ఉన్నారు. పదేళ్ల కిందటి ఈసీజీ పక్కన పెట్టి చూస్తే, ఇవాళ కనిపిస్తున్న మార్పు కొత్తదా పాతదా అన్నది డాక్టరుకు క్షణంలో తెలుస్తుంది.

8. పిల్లల గొంతునొప్పిని చిన్నచూపు చూడకండి.

స్ట్రెప్టోకాకస్ క్రిమి గొంతులో చేరితే, దాని మీద యుద్ధానికి వెళ్లిన ఒంటి రక్షణ బలగం పొరపాటున గుండె కవాటాలనూ దెబ్బతీస్తుంది. అదే రుమాటిక్ జ్వరం. కీళ్లు వాచి తగ్గిపోతాయి, కవాటం పాడైన సంగతి మాత్రం ఎన్నో ఏళ్లకు, ఆడపిల్ల కడుపుతో ఉన్నప్పుడు ఆయాసంగా బయటపడుతుంది. మూడు వారాలకోసారి పెన్సిలిన్ ఇంజెక్షన్ ఇస్తే మళ్లీ రాకుండా ఆపవచ్చు. నొప్పి అని పిల్ల ఏడుస్తుందని మానిపించిన తల్లులను నేను కోప్పడ్డాను, ఇప్పటికీ కోప్పడతాను. పుట్టుకతో గుండెలో రంధ్రం ఉన్న పిల్లలకైతే నవ రాయ్‌పూర్‌లోని శ్రీ సత్యసాయి సంజీవని ఆసుపత్రిలో ఉచితంగా ఆపరేషన్లు చేస్తున్నారు. అప్పులు చేసే ముందు అక్కడ అడగండి.

9. స్టెంటు వేయించుకోవడంతో వైద్యం అయిపోదు.

స్టెంటులో తొలి తరం చాలావరకు ఉక్కే: క్రోమియం, నికెల్, మాలిబ్డినం కలిసిన, కార్బన్ తక్కువున్న స్టెయిన్‌లెస్ స్టీలు. హైదరాబాదులో డాక్టర్ సోమరాజుగారు, అబ్దుల్ కలాంగారు కలిసి 1998లో తక్కువ ఖర్చు స్టెంటు తెచ్చారని విన్నప్పుడు ఉక్కు ఊళ్లో ఉన్న మాకు గర్వంగా అనిపించింది. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు హద్దు పెట్టింది, మందు పూసిన స్టెంటుకు అప్పట్లో 29,600 రూపాయలు. అంత సాధించాక కూడా, ఆరునెలలకే మాత్రలు మానేసి మళ్లీ మంచం మీదికి వచ్చిన వాళ్లున్నారు. "బాగానే ఉంది కదమ్మా" అంటారు. మాత్ర వేసుకుంటున్నారు కాబట్టి బాగుంది.

రోజూ నాలుగు మాత్రలు గుర్తుపెట్టుకోవడం కష్టమే. హైదరాబాదు డాక్టర్ రెడ్డీస్ కంపెనీ నాలుగింటినీ ఒకే గుళికలో పెట్టి చేసిన మందును మన దేశంలో, ఐరోపాలో 2,004 మంది మీద పరీక్షించి 2013లో ఫలితం చెప్పారు. ఒకే గుళిక ఇచ్చినవాళ్లలో 86 శాతం మంది మందు మానకుండా వాడారు, విడివిడిగా ఇచ్చినవాళ్లలో 65 శాతమే. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఇలాంటి గుళికలను అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మీకు అది సరిపోతుందేమో మీ డాక్టరును అడగండి.

10. ఇద్దరే ఉండే ఇళ్లకు ఒక మాట.

పిల్లలు హైదరాబాదులోనో, పుణెలోనో, అమెరికాలోనో ఉన్నారు. స్మృతినగర్‌లో, రిసాలీలో, సెక్టర్లలో మనం ఇద్దరిద్దరమే మిగిలాం. ఇవాళే ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయండి: 108, పక్కింటివారి నంబరు, మీ రక్తం గ్రూపు, మీరు వాడే మందులు, మీకు పడని మందు. దాన్ని తలుపు పక్కన గోడకు అంటించండి, ఫైలు కూడా అక్కడే పెట్టండి. ఛాతీలో బరువు పావుగంట దాటితే పిల్లలకు ఫోన్ తర్వాత చేద్దురుగాని, ముందు 108కి చేయండి.