మార్చకూడనిది తెలిస్తేనే మార్చగలం

పవర్‌లూమ్ పని వెతుక్కుంటూ తెలంగాణ పల్లెల నుంచి సూరత్ వెళ్లిన నేత కుటుంబాలు లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో స్థిరపడి దశాబ్దాలైంది. అలాంటి ఇంటి కుర్రాడొకడు చీరల డిజైన్లు వేసే పనికి కుదిరి, కూడబెట్టుకున్న డబ్బుతో కొత్త మదర్‌బోర్డు, గ్రాఫిక్స్ కార్డు కొన్నాడనుకుందాం. క్యాబినెట్ మాత్రం పాతదే. కార్డు దించబోతే హార్డ్‌డిస్క్ గూడు అడ్డం వచ్చింది. పవర్ లైటు తీగ బోర్డు పిన్నుల్లో కూర్చోనంటోంది.

కొత్త క్యాబినెట్ కొంటే మళ్లీ ఖర్చు. కార్డు వెనక్కిచ్చేస్తే పని ఆగుతుంది. బలవంతంగా తోస్తే కార్డే విరుగుతుంది. వీటిని దాటి ఇంకో దారి ఉంది. ఉన్నదానిలో కొత్తదాన్ని ఇమిడ్చే నేర్పు అది. కంప్యూటర్ దగ్గర అలవడిన ఆ నేర్పు జీవితమంతా అక్కరకొస్తుంది.

ముందు కొలత, తర్వాతే కోత

ఇంటెల్ సంస్థ 1995లో ఏటీఎక్స్ ప్రమాణం తెచ్చింది. మదర్‌బోర్డు 305 × 244 మిల్లీమీటర్లు ఉండాలని, స్క్రూ రంధ్రాలు ఎక్కడెక్కడ రావాలో కూడా తేల్చింది. అందుకే ఇరవై ఏళ్ల నాటి ఏటీఎక్స్ క్యాబినెట్‌లో నేటి బోర్డు కూడా కూర్చుంటుంది. పెరిగినవల్లా మిగతా భాగాలు. కార్డులు 300 మిల్లీమీటర్లు దాటాయి, కూలర్లు ఎత్తెక్కాయి. కొన్ని బ్రాండెడ్ కంప్యూటర్లకు సొంత కొలతలు ఉంటాయి. కాబట్టి ఊహలు వద్దు, టేపు పట్టండి.

కొలవకముందు ‘ఇందులో ఏదీ పట్టదు’ అన్న దిగులు. కొలిచాక ‘ఇరవై మిల్లీమీటర్లు చాలడం లేదు’ అన్న లెక్క. దిగులుతో ఏమీ చేయలేం, లెక్క తేలితే దారి దొరుకుతుంది. కొత్త ఉద్యోగంలో ఇమడలేకపోతున్నామని అనిపించినప్పుడూ ఇలాగే అడగండి. సరిగ్గా ఏది చాలడం లేదు? భాషా, సమయమా, ఒక సాఫ్ట్‌వేరా? పేరు పెట్టగలిగిన లోటును పూడ్చడం సులువు.

కదిలేదాన్నే కదపండి

కార్డు పొడవు తగ్గదు. హార్డ్‌డిస్క్ చోటు మాత్రం మారుతుంది. పైన ఖాళీగా ఉన్న సీడీ డ్రైవ్ అరలో క్లాంపులతో దాన్ని బిగించవచ్చు. ఎస్‌ఎస్‌డీ అయితే మరీ తేలిక. లోపల తిరిగే భాగాలే ఉండవు కాబట్టి డబుల్ సైడ్ టేపుతో క్యాబినెట్ గోడకు అంటించినా పనిచేస్తుంది. పాత క్యాబినెట్ పవర్ లైటు ప్లగ్గుకు చాలాసార్లు మూడు రంధ్రాలు ఉంటాయి, మధ్యది ఖాళీ. కొత్త బోర్డు మీద పిన్నులు రెండే, అవీ పక్కపక్కన. సూదితో ప్లాస్టిక్ నాలుకను కాస్త ఎత్తి, చివరి లోహపు ముక్కను మధ్య రంధ్రంలోకి జరిపితే చాలు. పైసా ఖర్చు లేదు.

ఇక్కడ ఒక క్రమం ఉంది. వెనక్కి తీసుకోగలిగిన మార్పు ముందు, తిరిగి సరిచేయలేని మార్పు ఆఖరున. స్క్రూ విప్పితే మళ్లీ బిగించవచ్చు, రేకు కోస్తే అతకడం కష్టం. ఉద్యోగం మానేసే ముందు పనివేళలు మార్చుకుని చూడటం, కోర్సు వదిలేసే ముందు చదివే పద్ధతి మార్చుకోవడం ఈ క్రమమే.

గీత దాటొద్దు

చొరవకు హద్దులు కావాలి. కరెంటు సరఫరా చేసే ఎస్ఎంపీఎస్ పెట్టెను విప్పకండి. ప్లగ్గు పీకేసినా అందులోని కెపాసిటర్లలో ప్రమాదకరమైన విద్యుత్తు మిగిలి ఉండవచ్చు. బోర్డుకు రంధ్రం లేనిచోట కింద స్టాండాఫ్ (బోర్డును ఎత్తి నిలిపే చిన్న లోహపు మర) ఉంటే తీసేయండి, లేకపోతే షార్టవుతుంది. రేకు కోయాల్సి వస్తే ముందు భాగాలన్నీ బయటపెట్టండి, ఇనుపరజను బోర్డుకు శత్రువు. దారాల ధూళి ఎగిరే సూరత్ లాంటి ఊళ్లో గాలి వచ్చే దారిని అసలు మూయకండి.

ఆరోగ్యం, నిజాయతీ, ఇచ్చిన మాట మన బతుకులో ఇలాంటి గీతలు. వీటిని కోసి దేన్నీ ఇమడ్చకూడదు.

చేసి చూపించారు

యాదాద్రి భువనగిరి జిల్లా శారాజీపేటకు చెందిన చింతకింది మల్లేశం, ఆసు పోస్తూ (నేతకు ముందు మేకులకు దారం చుడుతూ) తల్లి లక్ష్మి పడే భుజాల నొప్పి చూశారు. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చేయి అటూ ఇటూ ఆడాలి. 1992లో మొదలుపెట్టిన ఆసు యంత్రాన్ని 1999కి పూర్తిచేసి తల్లి పేరే పెట్టారు. అర్ధవృత్తాకారంలో మేకులకు దారం చుట్టే పద్ధతిని అలాగే ఉంచి, చేతి శ్రమను మాత్రం యంత్రానికి అప్పగించారు. 2017లో పద్మశ్రీ ఆయన్ను వరించింది.

సూరత్ నగరమే మరో సాక్ష్యం. 1994 సెప్టెంబరులో ప్లేగు భయంతో జనం ఊరొదిలి పరుగులు తీశారు. మరుసటి ఏడాది మున్సిపల్ కమిషనర్‌గా వచ్చిన ఎస్.ఆర్.రావు పాత కార్పొరేషన్‌తోనే, పాత సిబ్బందితోనే పని మొదలుపెట్టారు. అధికారాలను జోన్లకు పంచారు. అధికారుల్ని ఏసీ గదుల నుంచి రోజూ వీధుల్లోకి నడిపించారు. కొద్దికాలానికే దేశంలో అత్యంత శుభ్రమైన నగరాల సరసన సూరత్ నిలిచింది.

ఇద్దరూ ఉన్నదాన్ని తోసిపుచ్చలేదు. అందులో ఏది నిలవాలో, ఏది కదలాలో తేల్చుకున్నాకే చేయి వేశారు.

మీ జీవితంలో ఇప్పుడు ఇమడకుండా ఇబ్బంది పెడుతున్నదేదో ఒకటి ఉండే ఉంటుంది. కాగితం తీసుకుని మధ్యలో గీత గీయండి. ఎడమవైపు మార్చకూడనివి, కుడివైపు మార్చగలిగేవి రాయండి. కుడివైపు జాబితాలో అన్నిటికన్నా తేలికగా వెనక్కి తీసుకోగలిగిన మార్పుతో ఈరోజే మొదలుపెట్టండి.