బెల్లమైనను చక్కెరయే



"పంచదార మాని బెల్లమే వాడుచున్నాను. అయినను మధుమేహ మేల తగ్గదు?" అని నేనెఱిగిన యొక చెఱకు రైతు నన్నడిగెను. అతని పాదమున చెఱకు మోడు గ్రుచ్చుకొని నెల దినములైనను పుండు మానలేదు. ఈ ప్రశ్నకు సమాధానము మనలో ననేకులకు అవసరమని తలంచి వ్రాయుచున్నాను.

చెఱకులోని తీపికి మూలము సుక్రోజు. అది పంచదారలో నూటికి 99 పాళ్లకు పైగా నుండును. బెల్లములో తరగతిని బట్టి సుమారు 65 మొదలు 85 పాళ్లుండును. బెల్లమున లవణములు కొంచెము కలవు గాని వానివలన తీపి గుణము మారదు. ప్రేగులలో సుక్రోజు సగము గ్లూకోజుగను, సగము ఫ్రక్టోజుగను విడిపోవును. అన్నము సైతము తుదకు గ్లూకోజే యగును.

గ్లూకోజు దేహమునకు వంటచెఱకు వంటిది. పెద్దవారి రక్తములో నొక్కసారి యుండునది సుమారు 5 గ్రాములు, అనగా ఒక చెంచాడు మాత్రమే. భోజనానంతరము అది పెరుగగానే క్లోమమునుండి ఇన్సులిను వెలువడి, దానిని కండరములలోనికి పంపును. రక్తము పంటకాలువ, కండరము మడి, ఇన్సులిను తూము తెరచు కాపరి. కాపరి లేకున్నను, తూము బిగిసినను, కాలువ పొంగును, మడి యెండును. ఇదియే మధుమేహము. పొంగిన చక్కెర యేండ్ల తరబడి కన్నులను, మూత్రపిండములను, నరములను, రక్తనాళములను చెఱచును. అందుచేతనే పాదమునకు స్పర్శ తగ్గును, పుండు మానదు.

ఫ్రక్టోజు మార్గము వేఱు. అది యధికముగా కాలేయమునకే చేరును. మితిమీరినచో కాలేయము దానిలో కొంత క్రొవ్వుగా మార్చును. రక్తమున యూరిక్ ఆమ్లమును పెరుగును. క్రొవ్వు పట్టిన కాలేయము ఇన్సులినునకు లోబడదు.

1921వ సంవత్సరమున కెనడాలోని టొరాంటో నగరమున బాంటింగు, బెస్టు మొదలగువారు ఇన్సులినును వేఱుపఱచిరి. 1922 జనవరిలో దానిని మొదట 14 ఏండ్ల బాలున కిచ్చిరి. అంతకు పూర్వము ఇన్సులిను పుట్టని పిల్లలు బ్రదుకుట దుర్లభము. కావున వైద్యుడు వ్రాసిన మందును ఎవరి మాట విని మానకుడు.

పరగడుపున రక్తపరీక్ష చేయించుకొనుడు. డెసిలీటరునకు 100 మిల్లీగ్రాముల లోపు సహజము. రెండు పరీక్షలలో 126 గాని, అంతకు మించి గాని యున్నచో మధుమేహము. పని చేయు కండరము ఇన్సులిను సాయము లేకయే కొంత గ్లూకోజును గ్రహించును గనుక దినదినము నడువుడు. పాదరక్షలు లేక చేనిలో దిగకుడు. రాత్రి పాదములను చూచుకొనుడు. ఇన్సులిను వాడువారికి చెమట, వణకు, కన్నుల చీకట్లు కలిగినచో, చక్కెర మిక్కిలి తగ్గినదని గ్రహించి, తెలివి యున్నంతలో మూడు చెంచాల పంచదార నీటిలో కలిపి వెంటనే త్రాగింపుడు.

ఆ రైతు ఆలస్యముగానైనను వైద్యుని యొద్దకు వెళ్లెను. రెండు వ్రేళ్లు పోయినవి, కాలు దక్కినది. బెల్లము వండుట మన వృత్తి. అమ్ముకొనుడు, పండుగనాడు మితముగా రుచి చూడుడు. మధుమేహమునకు మందని మాత్రము తలంపకుడు.