గర్భిణి – దంతారోగ్యం

కాన్పుకొక పన్ను ఊడుతుందన్న నమ్మకం అనేక దేశాలలో చిరకాలంగా ఉన్నది. గర్భస్థ శిశువు తల్లి దంతాలలోని కాల్షియాన్ని గ్రహించడమే దానికి కారణమని చెబుతారు. ఇది నిజం కాదు. శిశువుకు కావలసిన కాల్షియం తల్లి తినే ఆహారం నుండి, అది చాలనప్పుడు ఆమె ఎముకల నుండి లభిస్తుందే గాని దంతాల నుండి కాదు.

అయినా ఆ నమ్మకాన్ని కేవలం ఊహ అని కొట్టివేయలేము. గర్భధారణ కాలంలో ఈస్ట్రోజన్, ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్లు అధికమై చిగుళ్లకు రక్తప్రసరణ పెరుగుతుంది. పళ్ల మొదళ్లలో పేరుకొన్న పాచి వలన చిగుళ్లు మునుపటికన్న తేలికగా వాచి, తోముకొనేటప్పుడు రక్తం కారుతుంది. ఆ రక్తానికి భయపడి తోముకోవడమే మానివేసేవారున్నారు. దానితో పాచి పెరిగి వాపు ముదురుతుంది. మెత్తని బ్రష్షుతో రోజుకు రెండుసార్లు తోముకోవడమే తగిన ఉపాయం.

వేవిళ్ల సంగతి వేరు. వాంతితో జీర్ణాశయంలోని ఆమ్లం నోటిలోకి వచ్చి పంటి పింగాణీ పొరను మెత్తబరుస్తుంది. వెంటనే రుద్దితే ఆ పొర అరుగుతుంది. కప్పు నీటిలో చెంచాడు వంటసోడా కలిపి పుక్కిలించి, కనీసం అరగంట ఆగి తోముకోవాలి.

పంటినొప్పిని ప్రసవం వరకు ఓర్చుకొమ్మని పెద్దలు చెప్పడం కద్దు. అన్నింటికన్న హాని చేసేది ఈ సలహాయే. 823 మంది గర్భిణులపై అమెరికాలో జరిపి 2006లో ప్రకటించిన అధ్యయనంలో, చిగుళ్ల కింది గారను తొలగించే చికిత్స గర్భిణులకు సురక్షితమేనని తేలింది. నెలలు నిండని కాన్పులను మాత్రం అది తగ్గించలేదు. 4వ నెల నుండి 6వ నెల వరకు చికిత్సకు అనువైన కాలం. చీము పట్టిన పంటికి ఆ నియమం లేదు. గర్భవతినని ముందే చెబితే, శిశువు దంతాలకు మచ్చ తెచ్చే టెట్రాసైక్లిన్ వంటి మందులను వైద్యులు వాడరు.