బొగ్గుబాయి చరిత్రను డిజిటల్‌గా దాచడం

సింగరేణి బొగ్గుగనుల చరిత్రలో కంపెనీ వైపు సంగతులు ఏ పుస్తకంలోనైనా దొరుకుతాయి: 1871లో ఇల్లెందు దగ్గర భూగర్భ శాస్త్రవేత్త విలియం కింగ్ బొగ్గు ఉందని గుర్తించడం, 1886లో హైదరాబాద్ దక్కన్ కంపెనీకి తవ్వకాల హక్కు దక్కడం, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ అన్న పేరు రావడం. సింగరేణి గనులున్న గోదావరిఖని కార్మికుల చరిత్ర అలా దొరకదు. అది యూనియన్ కరపత్రాల్లో, గేట్ మీటింగుల పాటల్లో, రిటైరైనవాళ్ల మాటల్లో ఉంది. తట్టా చెమ్మస్ (గంప, పార) పట్టి బొగ్గు నింపిన తరం ముసలిదైపోయింది. ఓపెన్‌కాస్టు (నేలను పైనుంచే తవ్వే గని) వచ్చినచోట పాత బాయి, దాని పక్క ఊరు రెండూ ఆనవాలు లేకుండా పోతున్నాయి.

అందుకే ఈ చరిత్రను డిజిటల్‌గా దాచాలి. తెలుగు పుస్తకాలకు ఆ పని ఎప్పుడో మొదలైంది. 2000ల దశకంలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా వేలాది తెలుగు పుస్తకాలను స్కాన్ చేసింది. దూరాన ఉన్న పాఠకుడికి అది చేసిన మేలు చాలా గొప్పది. కాని ఎన్నో పుస్తకాల పేర్లు రోమన్ లిపిలో, తప్పులతో నమోదయ్యాయి. దాంతో ఉన్న పుస్తకం కూడా వెతికితే దొరకదు. పైగా స్కాన్ చేసిన పేజీ బొమ్మ మాత్రమే. అందులోని అక్షరాలను కంప్యూటర్ గుర్తించడానికి ఓసీఆర్ కావాలి. ఒత్తుల దగ్గర అది తడబడుతుంది కాబట్టి మనిషి కూర్చుని దిద్దాలి. తెలుగు వికీసోర్స్‌లో ఔత్సాహికులు ఏళ్లుగా ఓపికతో చేస్తున్నది ఈ పనే.

కరపత్రాలతో ఇంకో చిక్కుంది. డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో కంపోజ్ చేసినవి యూనికోడ్‌లో ఉండవు. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్చి దాచాలి.

మాట, పాట రికార్డు చేసేటప్పుడు ఎవరు చెప్పారు, ఏ బాయిలో ఏ పని చేశారు, ఏ ఏడాది సంగతి అన్నది ఆ రోజే రాసిపెట్టాలి. ఈ వివరం లేని రికార్డింగు పదేళ్ల తర్వాత ఎవరికీ పనికిరాదు. చెప్పినవారి అనుమతి తప్పనిసరి. సమ్మెలు, కేసులు, గని ప్రమాదాల సంగతులు బయటపెట్టడానికి అందరూ ఒప్పుకోరు. వారు వద్దన్న భాగాన్ని మూసి ఉంచాలి. హార్డ్‌డిస్కులు చెడిపోతాయి గనుక ప్రతిదానికీ వేర్వేరు చోట్ల నకళ్లు ఉండాలి. ఒక నకలు జిల్లా గ్రంథాలయ సంస్థలో ఉండడం న్యాయం. ఆస్తిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు కడుతున్న జనానికి ఈ సేవ అడిగే హక్కుంది.

కాగితాలు ఇంకొన్నాళ్లు ఆగగలవు. ముందు రిటైరైన కార్మికుల దగ్గరికి పోయి వాళ్ల మాటలు రికార్డు చెయ్యి, బిడ్డా.