కొత్తిమీర

మన వంటయింటిలో నిత్యమును వాడుచున్నను, గుణమును గూర్చి మనము అంతగా విచారింపని వస్తువులలో కొత్తిమీర యొకటి. కూరగాయలు కొన్నవారికి వర్తకులు రెండు రెమ్మలు కొత్తిమీరను కొసరుగా వేయుట కలదు. కొసరుగా వచ్చినదానిని మనము కొసరుగానే చూచుచున్నాము. అది న్యాయము కాదు.

ఈ మొక్క జీలకఱ్ఱ, వాము, సోపు మొదలగువాని కుటుంబమునకు చేరినది. దీని పచ్చి ఆకును కొత్తిమీర యనియు, ఎండిన కాయలను ధనియాలనియు పిలుతుము. సంస్కృతమున దీనికి ధాన్యకము, కుస్తుంబరి యని పేళ్లు. ధనియపుగింజ నిజమునకు గింజ కాదు, కాయ. దానిని నలిపినచో రెండు బద్దలగును. ఒక్కొక్క బద్దలో ఒక్కొక్క విత్తనముండును. అందుచేతనే రైతులు ధనియాలను మెల్లగా రుద్ది, బద్దలుగా చేసి విత్తుదురు.

దీని వాడుక మిక్కిలి ప్రాచీనము. క్రీస్తునకు పూర్వము 14వ శతాబ్దమున ఈజిప్టు నేలిన టూటంఖామన్ సమాధిని 1922వ సంవత్సరమున కనుగొనిరి. అందు రాజుతో నుంచిన వస్తువులలో ధనియాలును ఉండెను.

వంటలో ఆకునకును కాయకును వేర్వేరు పనులు గలవు. ధనియాల సువాసన వానిలోని తైలము వలన కలుగును. దోరగా వేయించి దంచినప్పుడు ఆ వాసన చక్కగా బయటపడును. సాంబారుపొడి, చారుపొడి, కూరపొడులు దీనిపై ఆధారపడినవే. ఆకు సంగతి వేఱు. దాని పరిమళము సున్నితమైనది. ఎక్కువసేపు ఉడికించినచో ఆవిరితో పోవును. కావుననే వంట నెఱిగినవారు చారును పొయ్యిమీదనుండి దించునప్పుడు కొత్తిమీర వేయుదురు. ఇందువలన మఱియొక లాభమును కలదు. ఆకులోని ‘సి’ విటమిను వేడికి నశించును. కడపట వేసినచో కొంత మిగులును.

ఇతర ఆకుకూరలయందు వలెనే కొత్తిమీరయందును ఇనుము, ‘కె’ విటమిను, దేహములో ‘ఎ’ విటమినుగా మారు కెరోటీను గలవు. ‘ఎ’ విటమిను చాలనిచో రేచీకటి కలుగును. లోపము ముదిరినచో పసివాండ్రకు చూపే పోవచ్చును. కాని చారుపై తేలు నాలుగు రెమ్మలు పరిమళము నిచ్చునే గాని, చాలినంత పోషణ నీయజాలవు. ఒక కట్ట కొత్తిమీరకు చింతపండు, పచ్చిమిరపకాయలు, ఉప్పు చేర్చి రోటిలో నూఱి, పోపు పెట్టి, అన్నములో కలుపుకొని తిన్నప్పుడే అది ఆహారమగును. పోపులోని నూనెయు వ్యర్థము కాదు. కెరోటీను దేహమునకు పట్టుటకు కొంచెము కొవ్వు అవసరము. కెరోటీను పేరు వినకపోయినను మన పెద్దలు చక్కని పద్ధతినే ఏర్పఱచిరి.

ధనియాలు నానబెట్టిన నీటిని దప్పికకును ఒంటి మంటకును ఇచ్చుట ఆయుర్వేదమున కలదు. ఐనను ఏ యాకును సర్వరోగములను మాన్పజాలదు. ఆహారము బలము నిచ్చును. రోగము వచ్చినప్పుడు వైద్యుని చూడవలసినదే. పచ్చిగా తినునట్టి ఆకు గనుక, దానిని మంచినీటిలో రెండు మూడు మాఱులు కడుగుటయు మఱువరాదు.

విద్యార్థులారా! దీనిని పెంచుటకు తోటలేమియు అక్కఱలేదు. అడుగున చిల్లిగల పాతకుండలో మెత్తని మట్టి నింపి, బద్దలు చేసిన ధనియాలు చల్లి, పలుచగా మట్టి కప్పి, తడి ఆఱకుండ చూచుకొనుడు. నెల, నెలన్నర దినములలో ఆకు కోతకు వచ్చును. కొద్దిపాటి ఖర్చుతో ఇంటిల్లిపాదికి మేలు చేయు ఈ పనిని మీరే చేయగలరు.