పళ్లెం ఎక్కడానికి తొందరేమిటి?

ప్రశ్న: మా అమ్మాయి రెండేళ్లుగా కూచిపూడి నేర్చుకుంటోంది. పళ్లెం మీద నాట్యం ఎప్పుడు నేర్పుతారు? అది రాకపోతే కూచిపూడి వచ్చినట్టేనా?

జవాబు: వచ్చినట్టే, సందేహం అక్కర్లేదు. పళ్లెం తరంగంలో కనిపించే ఒక విశేషం మాత్రమే. నారాయణ తీర్థుల కృష్ణలీలా తరంగిణిలోని పాటలకు ఆడే అంశమది. పాదాలు ఇత్తడి పళ్లెం అంచును పట్టి, తాళం తప్పకుండా దాన్ని కదిలించాలి. మోకాళ్లు వంచి నిలిచే అరమండి నిలవక, చీలమండలకు బలం రాక ముందే ఎక్కిస్తే పాప పడిపోవచ్చు. ఎప్పుడన్నది గురువుగారికే వదిలేయండి.

కూచిపూడి ప్రాణం నాటకంలో ఉంది. కృష్ణా జిల్లాలోని కూచిపూడి ఊళ్లో మగవాళ్లే మేళాలుగా భాగవతాలు ఆడేవారు. సిద్ధేంద్ర యోగి రచనగా చెప్పుకునే భామాకలాపంలో సత్యభామ ప్రవేశ దరువుతో, అంటే పాత్ర రంగప్రవేశపు పాటతో వచ్చి, తానెవరో తానే చెప్పుకుంటుంది. పాత్ర నోరు విప్పి మాట్లాడే ఈ వాచికాభినయం నాకెంతో ఇష్టం. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి సత్యభామను చూసినవారు ఆ వేషంలో మగవాడున్నాడన్న సంగతే మరిచిపోయేవారు. ఏకపాత్ర నాట్యంగా, ఆడపిల్లలు నేర్చుకునే విద్యగా కూచిపూడి స్థిరపడింది 20వ శతాబ్దంలోనే.

అందుకే పళ్లెం కోసం తొందరపడకుండా అమ్మాయితో దరువు సాహిత్యం పైకి చదివించండి, అర్థం అడగండి.