ఎవరి దగ్గర నేర్చుకున్నారో అడుగు, చెల్లీ

ఫోను ఎప్పుడూ అవే పాటలు వినిపిస్తోందని గోల పెడుతున్నావుగా చెల్లీ! వినిపించక ఏం చేస్తుందే పాపం? నిన్న నువ్వేం విన్నావో అదొక్కటే దానికి తెలుసు. కొత్త సంగీతం కావాలంటే నేను పాత పద్ధతే పట్టుకుంటాను. మన సంగీతం టీచర్లు ఇద్దరు ఎదురుపడితే మొదట ఏమడుగుతారు? "తమరు ఎవరి దగ్గర నేర్చుకున్నారండీ?" అని కదా. ఆ ఒక్క ప్రశ్న పట్టుకుని పో, ఎక్కడ తేలతావో చూడు.

ఆంబియెంట్ సంగీతం అంటున్నారే, దాంతోనే మొదలుపెడదాం. బ్రయన్ ఈనో అని ఇంగ్లండు ఆయన 1978లో 'మ్యూజిక్ ఫర్ ఎయిర్‌పోర్ట్స్' అనే ఆల్బమ్ తెచ్చాడు. ఈ తరహా సంగీతానికి ఆ పేరు స్థిరపడింది దాంతోనే. శ్రద్ధగా విన్నా సరే, పట్టించుకోకుండా నీ పని నువ్వు చేసుకున్నా సరే, ఆ పాట ఏమీ అనుకోదు. ఇంట్లో ఇంత సర్దుకుపోయే మనిషి ఇంకెవరైనా ఉన్నారా చెప్పు!

అందులో రెండో ట్రాకు కట్టిన తీరు వింటే నీకు ముచ్చటేస్తుంది. కొన్ని గొంతుల చేత ఒక్కో స్వరాన్నీ "ఆ…" అని పొడుగ్గా పాడించి, ఒక్కోదాన్నీ ఒక్కో టేపు ముక్క మీదికి ఎక్కించి, ఆ ముక్క కొసలు రెండూ అతికించేశాడు. అలా అతికిస్తే అది తిరుగుతూనే ఉంటుందిగా. ఒక స్వరం ఇరవైమూడున్నర సెకన్లకోసారి తిరిగొస్తుంది, ఇంకోటి దాదాపు 26 సెకన్లకి, మరోటి దాదాపు 30కి. ఈ పొడవులకు పొత్తు కుదరదు కాబట్టి ఏ స్వరం ఎప్పుడు దేంతో కలుస్తుందో ముందే ఊహించలేవు. ఒకసారి జంటగా వస్తాయి, ఒకసారి విడివిడిగా వస్తాయి, ఒక్కోసారి అన్నీ ఊరుకుంటాయి. రాగం కట్టినవాళ్లు లేరు, కానీ రాగంలాంటిదేదో వినిపిస్తూనే ఉంటుంది.

సరే, ఈనోకి ఇలాంటి ఆలోచనలు ఎవరి నుంచి వచ్చాయి? జాన్ కేజ్ అనే అమెరికా సంగీతకారుడి రాతలు చదివి. మరి కేజ్ ఎవరి దగ్గర నేర్చుకున్నాడు? ఇక్కడ మన దేశపు ఆడపిల్ల ఒకామె తగులుతుందే! గీతా సారాభాయ్. మన రాకెట్ల విక్రమ్ సారాభాయ్‌కి తోబుట్టువు. ఆడవాళ్లు ముట్టుకోని కాలంలో పఖావజ్ అనే మద్దెల వాయించిన మనిషి. పాశ్చాత్య సంగీతం సంగతేమిటో తెలుసుకుందామని 1946లో న్యూయార్క్‌లో ఉండగా కేజ్‌తో ఒప్పందం కుదిరింది. ఫీజు లేదు, నువ్వు మీది నేర్పు, నేను మాది నేర్పుతాను అని. సంగీతం ఎందుకు అని ఆయన అడిగితే, మనసును నెమ్మదింపజేసి దైవానికి దారి ఇవ్వడానికని తన గురువు చెప్పిన మాట చెప్పిందిట. ఆ మాట ఆయన జీవితాంతం తలుచుకున్నాడు. 1952లో ఆయన రాసిన ఒక కృతిలో పియానో ముందు కూర్చున్న మనిషి నాలుగు నిమిషాల ముప్ఫయిమూడు సెకన్ల పాటు ఒక్క మెట్టూ నొక్కడు. హాల్లో దగ్గులూ బయటి చప్పుళ్లూ, అదే కచేరీ. నవ్వొస్తుందా? రానీ. నాకూ వస్తుంది.

ఆ రోజు పియానో ముందు కూర్చున్నవాడు డేవిడ్ ట్యూడర్. ఇతనే 1969లో అహ్మదాబాదు వచ్చి, నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో మూగ్ సింథసైజర్ బిగించి స్టూడియో పెట్టాడు. అందులో కూర్చుని ఎలక్ట్రానిక్ సంగీతం కట్టినవాళ్లలో మన గీతాబెన్ కూడా ఉంది! 1972 వరకూ అక్కడ రికార్డు చేసిన టేపులు దశాబ్దాల పాటు దాచిన చోటే పడి ఉండి, 2023లో 'ది ఎన్ఐడీ టేప్స్' పేరుతో బయటికొచ్చాయి. ముందు అది విను. ఎలక్ట్రానిక్ సంగీతం అంటే విదేశీ కుర్రాళ్ల వ్యవహారం అనేవాళ్లకి ఆ తర్వాత నువ్వే జవాబు చెబుతావు.

మనవాళ్లలోనే ఇంకొకాయన ఉన్నాడు. చిన్నప్పుడు సరళీ స్వరాలు మాయామాళవగౌళలోనే పాడాం కదా? హిందుస్తానీలో ఆ స్వరాలే భైరవ్. బొంబాయి సినిమా పాటలకు వాయించే చరణ్‌జీత్ సింగ్ 1982లో రోలాండ్ కంపెనీ ఎలక్ట్రానిక్ వాద్య యంత్రాలు ముందేసుకుని పది రాగాలను డిస్కో దరువు మీద వాయించాడు. మొదటిది భైరవే. అప్పట్లో పట్టించుకున్నవాళ్లు లేరు. ఆ యంత్రాల్లో ఒకదానితోనే షికాగోలో 'ఆసిడ్ హౌస్' అనే డాన్సు సంగీతం పుట్టింది ఆ తర్వాత కొన్నేళ్లకి. 2010లో ఈ రికార్డు మళ్లీ వచ్చినప్పుడు, ఈయన ముందే చేసేశాడే అని ప్రపంచమంతా నోరెళ్లబెట్టింది. నన్నడిగితే పది రాగాలూ ఒకే దరువు మీద ఏకబిగిన వినడం కష్టమే. రెండు విని ఆపు, మర్నాడు రెండు.

నాకు అన్నిటికన్నా దగ్గరైంది మాత్రం ఆలిస్ కోల్ట్రేన్. డెట్రాయిట్‌లో పుట్టిన నల్లజాతి అమ్మాయి, జాజ్‌లో పియానో, హార్ప్ వాయించేది. 1967లో భర్త జాన్ కోల్ట్రేన్ పోయాడు, చేతిలో చిన్నపిల్లలు. ఆ దుఃఖంలోంచి భక్తిలోకి నడిచింది. మన పుట్టపర్తి సత్యసాయిబాబా అంటే ఆమెకు గురి. కాలిఫోర్నియాలో పెట్టుకున్న ఆశ్రమం పేరు కూడా సాయి అనంతం. అక్కడ సంస్కృత భజనలు పాడుతూ, చర్చిలో నేర్చిన విరుపులు కలిపి, కింద సింథసైజర్‌ని ఏనుగు ఘీంకారంలా లేపుతుంది. ఆ క్యాసెట్లు ఆశ్రమంలోవాళ్ల కోసమే చేసుకున్నవి. 2017లో లువాకా బాప్ అనే సంస్థ వాటిలోంచి కొన్ని ఏర్చి ప్రపంచానికి వినిపించింది. మనకు తెలిసిన నామాలే, కానీ ఆ గొంతులో వింటే కొత్తగా పుట్టినట్టుంటాయి. ఇది మాత్రం వంట చేస్తూ వినకు, పోపు మాడుతుంది.

'గాఢ నిద్రకు సంగీతం' అని గంటల తరబడి వచ్చేవి ఉంటాయే, వాటి జోలికి పోకు. చాలావాటి కింద చేసినవాళ్ల పేరైనా ఉండదు. పేరు లేనివాళ్లని ఎవరి దగ్గర నేర్చుకున్నారని అడగడమెలా? బ్యాండ్‌క్యాంప్ అనే పాటల వెబ్‌సైట్‌లో అయితే ఎవరు వాయించారో, ఎవరు విడుదల చేశారో కింద రాస్తారు. చాలావరకు కొనేముందు వినొచ్చు. నచ్చినదాన్ని విడుదల చేసిన సంస్థ ఇంకేం తెచ్చిందో చూస్తే వారానికి సరిపడా దొరుకుతుంది.

అలా వెతుకుతుంటేనే ఇథియోపియా ఆయన హైలూ మెర్గియా దొరికాడు నాకు. 1985లో అకార్డియనూ సింథసైజరూ కలిపి ఒక క్యాసెట్ చేసి, ఆ తర్వాత వాషింగ్టన్‌లో టాక్సీ నడుపుకుంటూ ఉండిపోయాడు. బేరాల మధ్య ఖాళీలో కారులోనే కీబోర్డు సాధన చేసుకునేవాడట. 2013లో ఆ క్యాసెట్ మళ్లీ విడుదలై, ఆయన మళ్లీ కచేరీలకెక్కాడు. నువ్వు ముందు ఆలిస్‌ని వినేసి ఫోన్ చెయ్యి, ఆయన సంగతి అప్పుడు తీరిగ్గా చెబుతాను. ఆదివారం మధ్యాహ్నం అయితే మరీ మంచిది, మీ బావగారు పడుకుని ఉంటారు.